గౌరవం చుక్కలు

బర్మాలో మేముండే తాకేటాలో, మా వార్డుకీ బజారుకీ నడుమ ఒక చిన్న గెడ్డ పారుతుంది. పారుతుంది అనడం కూడా ఎక్కువే. పోటుకి పజుండాంగ్ ఏటి వైపు నుంచి నీళ్లు ఎగదన్నుకుని వస్తాయి, పాటుకి జారిపోతాయి, మధ్యలో మిగిలేది బురదే. వాగుని బర్మా వాళ్లు ఛౌంగ్ అంటారు. దీన్ని అసెయిన్ ఛౌంగ్ అంటారు. మా ఇళ్లల్లో మాత్రం అది అచ్చెన్న గెడ్డ. అచ్చెన్న మా తాత. ఈ ఒక్క ముక్క నలుగురి ముందు చెప్పడానికి నాకు యాభై మూడేళ్లు పట్టింది. అదీ మా మేనత్త గంగాభవాని నా ముఖం మీద నాలుగు మాటలు అన్నాకే. అంచేత ఈ రాత ఆవిడ గురించి. నా గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

మా అత్తకి డెబ్బై ఆరేళ్లు. ఇప్పటికీ తెల్లారకముందే లుంగీ ఎగదోపి, నడుముకి బియ్యం సంచి కట్టుకుని గెడ్డలో దిగుతుంది. అక్కడ నీటిమీద పాకిన తూటికూర కోసి, కట్టలు కట్టి, బజారులో కూర్చుంటుంది. మొగుడు పోయి ఇరవై ఏళ్లు. పిల్లల్లేరు. రెక్కలు ఆడినన్నాళ్లూ ఒకరి చెయ్యి చూడనని ఆవిడ పంతం. మా ఇంట్లో ఉండమని నేను అడక్కపోలేదు. గట్టిగా అడగలేదు, అంతే. ఆవిడ బర్మా భాష మాట్లాడితే శ్రీకాకుళం నుంచి ఇప్పుడే పడవ దిగినట్టుంటుంది. కూర వాడిందని ఎవరైనా వంక పెడితే, వాడింది నీ ముఖం అని తెలుగులో అని, బర్మాలో నవ్వుతుంది. అయినా కొనేవాళ్లు ఆవిడ దగ్గరే కొంటారు.

ఆవిడకి ఒక అలవాటు. రోజూ కోసిన మొదటి కట్ట అమ్మదు. గెడ్డ మీది వంతెన దగ్గర పేరుబోర్డు పాతిన గుంజ ఉంది. ఆ గుంజ మొదట్లో పెట్టి, ఒకసారి బోర్డు తడిమి, బజారుకి పోతుంది. అది వాళ్ల అయ్యకట. కాసేపటికి ఎవరో ఒకరు ఆ కట్ట పట్టుకుపోతారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, ఏమీ అనదు.

ఆవిడకి చదువు రాదు. బర్మా అక్షరాల్లో ఒక్కటే వచ్చు. అది న. పాత బోర్డు రాసింది మా నాన్న రాజబాబు, ఆవిడ తమ్ముడు. బోర్డులు రాసే పనిలో ఆయనే నాకు గురువు. రాసిన రోజున అక్క వేలు పట్టుకుని ఒక అక్షరం మీద తిప్పాడట. చిన్న సున్నా, దాని కింద మెలిక తిరిగిన తోక. ఇది మన అయ్య పేరులో న, జ్ఞాపకం పెట్టుకో అన్నాడట. ఆవిడ పెట్టుకుంది.

ఈ న సంగతి కొంచెం విడమర్చి చెప్పాలి, ఎందుకంటే నా తప్పంతా అక్కడే ఉంది. అచ్చెన్న అనే పేరు బర్మా వాళ్ల నోట అరిగి అరిగి అసెయిన్ అయింది. దాన్ని బర్మా లిపిలో రెండు రకాలుగా రాయొచ్చు. చివర న రాస్తే ఎవరిదో పేరు అనుకుంటారు. ఆ న తీసేసి మ రాసి, పక్కన మన విసర్గలాంటి రెండు చుక్కలు పెడితే పచ్చన అని అర్థం. పలకడంలో తేడా ఒక్క సాగదీత. రాతలో ఒక అక్షరం, రెండు చుక్కలు. మా నాన్న కావాలనే న రాశాడు. తాత పేరులో అప్పటికి మిగిలింది ఆ ఒక్క అక్షరమే.

మా తాత చేసింది పాకీ పని. కప్పిపుచ్చి చెప్పే మాట మరొకటి నాకు తెలీదు. ఓడరేవులో మూటలు మొయ్యడానికి వచ్చినవాడు, యుద్ధం అయ్యాక ఆ పని దొరక్క ఇందులోకి దిగాడు. ఊళ్లోని దొడ్ల బకెట్లు పడవలో వేసుకుని తెచ్చి, బయట పారబోసి, ఈ గెడ్డలో కడిగేవాడు. పడవ వస్తుంటే గట్టు మీద వాళ్లు ముక్కు మూసుకుని, అచ్చెన్న వచ్చాడు అనేవాళ్లు. అలా అలా గెడ్డకి ఆ పేరు వచ్చింది. మా అత్త ఈ కథ చెప్పడం మొదలుపెడితే నేను చొక్కా తగిలించుకుని బయటికి పోయేవాణ్ని. కథలో ఇంకో సగం ఉందని నాకు తెలీకపోవడానికి కారణం అదే. ఎప్పుడూ చివరిదాకా వినలేదు.

నాకు రెండు పేర్లు. ఇంట్లో సూర్యప్రకాష్‌ని, బయట ఊ మౌంగ్ మౌంగ్‌ని, ఆ ఊ మన గారు లాంటిది. మా ఆవిడ సాన్ సాన్ బర్మా ఆవిడ. మా అమ్మాయి హ్నిన్ పక్క వార్డు బడిలో చిన్న తరగతులకి చెబుతుంది. నా రంగు కొంచెం చామనఛాయ, భాష చక్కగా వచ్చు, గుడికీ పోతాను, పగోడాకీ పోతాను. నన్ను చూసి ఎవరూ కలా అనరు. అది మన దేశం వాళ్లని తక్కువ చేసి పిలిచే మాట. ముప్పై ఏళ్లు ఆ మాట తప్పించుకుని బతికాను. దాన్ని నేను బతకనేర్చినతనం అనుకున్నాను.

పోయిన ఏడు పాత చెక్క వంతెన పడగొట్టి వార్డు పెద్దలు చందాలతో సిమెంటు వంతెన కట్టించారు. కమిటీకి పెద్ద ఊ థు రేయిన్, రిటైరైన మాస్టారు, అందుకే అందరూ సయా అంటారు. కొత్త వంతెనకి కొత్త బోర్డు కావాలి, పేరు కింద ఆ పేరు ఎలా వచ్చిందో నాలుగు వరుసలు ఉండాలి, పిల్లలు చదువుకుంటారు అన్నారు. నువ్వు ఇక్కడే పుట్టినవాడివి, నువ్వే రాసి నువ్వే బోర్డు చెయ్యి అని నాకు అప్పజెప్పారు. టీ కొట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. ఏడెనిమిది మంది ఉన్నాం.

అప్పుడు కొత్తగా వార్డులోకి వచ్చిన ఒకాయన నవ్వుతూ అన్నాడు, నేను వేరేలా విన్నానే, ఎవడో కలా బకెట్లవాడి పేరట కదా, అంటే మనం రోజూ దాటేది బకెట్ల వాగా అని. ముక్కు మూసుకుని చూపించాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మొదట నవ్విన వాళ్లలో నేనొకణ్ని. నవ్వొచ్చి కాదు. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతారేమోనని. నవ్వి ఊరుకున్నా బాగుండేది. అబ్బే, అదంతా ఉత్తదే, తూటికూర వల్ల నీళ్లు పచ్చగా కనిపిస్తాయి, పచ్చ వాగు, అదే అసలు పేరు అన్నాను. ఊ థు రేయిన్ తన టీ కప్పు వంక చూస్తూ, సరే, నీకెలా తెలిస్తే అలా రాయి అన్నాడు. గండం గట్టెక్కిందని లోపల సంబరపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బోర్డు రెండు రోజులు రాశాను. అబద్ధం రాస్తుంటే చెయ్యి వణుకుతుందంటారు. అదేం లేదు. నా జన్మలో అంత అందంగా ఇంకో బోర్డు రాయలేదు. నీలం మీద తెల్ల అక్షరాలు. న ఉండాల్సిన చోట మ గుండ్రంగా కుదిరింది. రెండు చుక్కలూ బిళ్ల పెట్టి గీసినట్టు సమానంగా వచ్చాయి. కింద నాలుగు వరుసలు: ఈ వాగులో పెరిగే తూటికూర వల్ల నీరు పచ్చగా ఉంటుంది గనక దీనికి పచ్చ వాగు అని పేరు వచ్చినట్టు పెద్దలు చెబుతారు. పెద్దలు అని రాశాను. నాకు తెలిసి ఈ విషయం చెప్పగల పెద్ద మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ చెప్పింది ఇది కాదు. పోనీ ఆ తూటికూర కోసేది ఎవరు? ఆవిడే. ఆవిడ కూరనే అడ్డం పెట్టి ఆవిడ తండ్రి పేరు కప్పేశాను.

వంతెన తెరిచే రోజు పొద్దున్నే మా అత్త పెట్టెలో దాచిన నేత చీర కట్టుకుని వచ్చింది. ఆవిణ్ని చీరలో చూసి ఎన్నేళ్లయిందో. భిక్షువులు మంగళ పాఠాలు చదివి వెళ్లారు, జనం మిఠాయి తిని చెదిరారు. ఆవిడ కూర కట్ట గుంజ మొదట్లో పెట్టి, బోర్డు మీద వేళ్లు పెట్టి తడుముతోంది. న కోసం వెతుకుతోందని నాకు అర్థమైంది.

“సూరీడూ, పక్కనీ సుక్కలేటిరా? పాత బోరుడుకి లేవు” అంది.

నిజం చెప్పడానికి అదే సమయం. చుట్టుపక్కల ఎవరూ లేరు కూడా. నేను ఏమన్నానో చెప్పడానికి ఇప్పటికీ నోరు రావడం లేదు. అవి గౌరవం కోసం అత్తా, పెద్దవాళ్ల పేరు పక్కన ఇప్పుడు అలా పెడుతున్నారు, అక్షరం రాత కూడా కొత్త రకం అన్నాను. కింద ఏం రాశావని అడిగితే, వేలితో ఒక్కో వరుసా చూపిస్తూ, అచ్చెన్న అనే ఆయన పేరు మీద ఈ వాగుకి ఈ పేరు వచ్చింది అని, లేని రాతని తెలుగులో చదివి వినిపించాను. ఆవిడ చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా తల మీద చెయ్యి పెట్టి, మీ నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో అంది.

ఆ తర్వాత మూడు వారాలు మా అత్త బజారులో చేసిన సందడి అంతా ఇంతా కాదు. కూర కొనడానికి వచ్చిన ప్రతి మనిషికీ బోర్డు సంగతి చెప్పింది. ఆ రెండు చుక్కలూ మా అయ్యకి గౌరవం చుక్కలు, మా మేనల్లుడు పెట్టాడు అని తన వచ్చీరాని బర్మాలో చెబుతుంటే, విన్నవాళ్లు నవ్వాలో వద్దో తెలీక కూర పట్టుకుని పోయేవాళ్లట. నేను బజారు దారి మానేశాను. రంగులు కొనడానికి కూడా చుట్టు తిరిగి వెళ్లేవాణ్ని. ఆవిడ రోజూ మా ఇంటికి తూటికూర పంపేది. సాన్ సాన్ వెల్లుల్లి వేసి వేయించేది. నాకు ముద్ద దిగేది కాదు. కడుపు బాగోలేదని చెప్పేవాణ్ని. తేలు కుట్టిన దొంగ బతుకు అంటే ఏమిటో ఆ మూడు వారాల్లో తెలిసింది.

బయటపెట్టింది మా హ్నినే. దాని తప్పేమీ లేదు. బడి నుంచి వస్తూ వంతెన దగ్గర మామ్మ, అంటే మా అత్త, కనిపిస్తే ఆగింది. మామ్మ ముచ్చటపడి, ఆ చుక్కల గౌరవం గురించి చెప్పి, ఓసారి చదవవే, నీ నోట వింటాను అంది. పిల్లలకి చెప్పే అలవాటు కదా, అది గట్టిగా చదివి, వచ్చీరాని తెలుగులో అర్థం కూడా చెప్పింది. మామ్మా, అసెయిన్ అంటే పచ్చ, నీ కూర పచ్చగా ఉంటుంది కదా, అందుకే ఈ పేరు. మా నాన్న ఎంత బాగా రాశాడో చూడు. మరి అచ్చెన్న ఏడీ అని మామ్మ అడిగింది. అచ్చెన్న ఎవరు మామ్మా అంది హ్నిన్. ముత్తాత పేరు దానికి తెలీదు. నేనెప్పుడూ చెప్పలేదు.

సాయంత్రం మా అత్త నేను బోర్డులు రాసే షెడ్డుకి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆవిడ తిట్లు నాకు అలవాటే. ఒక రంగు డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుంది. నేను కుంచె కడుగుతున్నట్టు నటిస్తూ, తల ఎత్తలేదు.

“గౌరవం సుక్కలన్నావు కదరా” అంది.

అత్తా, పది మందిలో తిరిగేవాణ్ని, హ్నిన్‌కి ఉద్యోగం, వాళ్లు నవ్వుతారు అని ఏదో గొణిగాను. ఆవిడ అంతా విన్నది.

“మా అయ్యకీ సిగ్గుండేదిరా. జనం వాడుకునే గెడ్డలో ఈ బకెట్లు కడుగుతున్నానని సిగ్గు. ఆ సిగ్గుతోనే ఏటేటా ఎండల్లో పూడిపోయిన గెడ్డ నోరు తవ్వేవోడు. ఎవులూ సెప్పలేదు. పోటు నీల్లొచ్చి మురికంతా లాక్కుపోవాలని. పని మానేసేక కూడా సచ్చిందాకా తవ్వేడు. నీకూ సిగ్గేసింది. నువ్వేటి సేసేవు? రెండు సుక్కలు పెట్టేవు.”

లేచి వెళ్లిపోయింది. ఇదే ఆ కథలో నేను ఎన్నడూ వినని సగం. చిన్నప్పుడు ఏదో పండగకి ఆవిడ చెప్పబోతుంటే చొక్కా తగిలించుకుని పోయానే, అప్పుడే ఇది వినాల్సింది. కుంచె అలాగే నీళ్లలో వదిలేశాను.

మర్నాడు పొద్దున్న గుంజ మొదట్లో కట్ట లేదు. ఆ మర్నాడూ లేదు. ఆవిడ బజారుకి వంతెన మీదుగానే వెళుతోంది, బోర్డు వైపు చూడటం లేదు. మూడో రోజు, బజారు మంచి రద్దీగా ఉండే వేళకి, నేను ముక్కాలిపీట, బ్లేడు, గరుకు కాగితం, రంగులు పట్టుకుని వంతెన దగ్గరికి వెళ్లాను. జనం లేని వేళ చూసుకుని వెళ్లొచ్చు. అలా వెళితే అది ఇంకో దొంగపని అవుతుందనిపించింది. అయినా వంతెన ఇవతల రెండుసార్లు ఆగాను.

రెండు చుక్కలూ గీకుతుంటే జనం పోగయ్యారు. ఊ థు రేయిన్ గొడుగు వేసుకుని వచ్చి, ఏమైంది, తప్పు పోయిందా అని అడిగాడు. పీట మీద నుంచి దిగాను. ఇది పచ్చ కాదు సయా, అచ్చెన్న, మా తాత, బకెట్లు కడిగినవాడు ఆయనే, ఏటేటా ఈ వాగు నోరు తవ్వినవాడూ ఆయనే అన్నాను. నలుగురూ నవ్వుతారని చూశాను. ఎవరూ నవ్వలేదు.

ఊ థు రేయిన్ గొడుగు ముడిచాడు.

“నాకు తెలుసు” అన్నాడు. “పోటు రాకపోతే అసెయిన్ ఇంకా తవ్వలేదు అనేది మా అమ్మ. ఆ రోజు టీ కొట్లో ఆ కొత్తాయనకి తప్ప అందరికీ తెలుసు. నువ్వు పచ్చ అన్నావు. నీకు చెప్పుకోవడం ఇష్టం లేదేమో అనుకున్నాం. ఆనాడె, అందుకే ఊరుకున్నాం.”

ఎదుటివాడు చిన్నబోతాడని నోరు కట్టేసుకోవడాన్ని బర్మా వాళ్లు ఆనాడె అంటారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరి ముందు దాచానో వాళ్లందరికీ తెలుసు. తెలిసీ, నా పరువు కోసం నా అబద్ధాన్ని సిమెంటు వంతెన మీద నిలబెట్టారు. మా అత్త బజారులో గౌరవం చుక్కలు అని మురిసిపోతుంటే వాళ్లు నవ్వకుండా వెళ్లిపోయిందీ అందుకే. ఇన్నేళ్లూ నేను తప్పించుకుని తిరిగింది వాళ్ల నుంచి కాదు.

ఆ పూటే మ చెరిపి న రాశాను. కింద నాలుగు వరుసలూ మార్చాను. చుక్కలు గీకిన చోట నీలం రంగు ఎంత కలిపినా పక్క రంగులో కలవలేదు. రెండు మచ్చల్లా కనిపిస్తున్నాయి. మొత్తం బోర్డు మళ్లీ వెయ్యాలని చూసి, ఉండనీ అని వదిలేశాను.

మర్నాడు తెల్లారేసరికి వంతెన దగ్గర కాచుకుని నిలబడ్డాను. మా అత్త తడి లుంగీతో, నెత్తిన గంపతో వచ్చింది. నన్ను చూసి ఆగింది. గంప దించి, బోర్డు దగ్గరికి వెళ్లి, వేలు పెట్టి సున్నా చుట్టూ తిప్పి, కింద తోక దాకా వచ్చింది. చుక్కల చోట తడిమి చూసింది. కింద ఏటి రాశావని అడిగింది.

నేను చదివాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు, ఒక్కో మాట మీద వేలు పెట్టి. అచ్చెన్న అనే పాకీవాడు ఈ వాగులో ఊరి బకెట్లు కడిగేవాడు. పోటు నీళ్లు రావాలని ఎవరూ అడక్కుండానే ఏటేటా దీని నోరు తవ్వేవాడు. ఆయన పేరే ఈ వాగుకి వచ్చింది. ఇది రాసింది ఆయన మనవడు సూర్యప్రకాష్.

మా అత్త చివరిదాకా విన్నది. గంపలోంచి ఒక కట్ట తీసి చేత్తో పట్టుకుంది. వంగబోయి, మళ్లీ నిటారుగా నిలబడింది. నా ముఖంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో, అందుకే నాకు అక్కడ నిలబడటం కష్టమైంది.

“ఎల్లి హ్నిన్‌ని పిలు” అంది. “అది సదివితే అప్పుడు పెడతాను.”

నా కూతుర్ని పిలుచుకు రావడానికి ఇంటికి నడిచాను.